నీలం కారు, బోరు నీళ్లు

కారు రెండోసారి కూడా పంజాగుట్ట చౌరస్తా దాటకముందే ఆగిపోయింది. ముందు రోజు నుంచే ఇంజను దగ్గర సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వస్తోందని మా ఆయన అంటున్నాడు. ఆ ఉదయం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడేసరికి వేడిని చూపించే ముల్లు పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఏసీ ఆపాడు, అద్దాలు దించాడు. ముల్లు దిగలేదు. పంజాగుట్ట దగ్గరపడేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. ఎడమ పక్కకు లాగి ఇంజను ఆపేసి, తల వెనక్కి వాల్చాడు.

“మళ్లీ వాటర్ పంపేనా?” అని అడిగాను.

“ఇంకేంటి?” అన్నాడు.

ఆ పంపు కొత్తది. వేయించి ఒక ఎండాకాలమైనా దాటలేదు. కారు కొన్న కొత్తలో మొదటి పంపు పోతే, పాత బండి కదా, పోతుందిలే అనుకున్నాం. అప్పుడు బొంబాయి నుంచి తెప్పించి వేసిన పంపు ఇది. ఇంజను చుట్టూ నీళ్లు తిప్పడమే దాని పని. అది తిరగకపోతే ఇంజను నిమిషాల్లో మాడిపోతుంది. కొత్తది వేసినప్పుడు, ఇక దీన్ని మర్చిపోవచ్చని మెకానిక్ మాట ఇచ్చాడు. మేము మర్చిపోకముందే పోయింది.

మా ఆయన నన్ను ఆఫీసు దగ్గర దించి అమీర్‌పేటకు వెనక్కి వెళ్లాలి, పది గంటల బ్యాచ్ ఉంది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే ఒక సంస్థలో పాఠాలు చెప్పేవాడు. ఆ రోజుల్లో ఏ ఊరి బస్సు దిగిన కుర్రాడైనా సంచీతో నేరుగా అక్కడికే వచ్చేవాడు. తెల్లవారకముందు ఒక బ్యాచ్, టిఫిన్ అయ్యాక ఒకటి, మళ్లీ సాయంత్రాలు. చెప్పిన పాఠమే చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయి ఇంటికొచ్చేవాడు. ఆ విసుగులోనే ఆ స్పోర్ట్స్ కారు కొన్నాడని నా అనుమానం. రెండు తలుపుల ముదురు నీలం రంగు విదేశీ బండి, వ్యాపారం దెబ్బతిన్న ఒకతని దగ్గర సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఎంత వేగంగా పోగలదో దాని మీటరులో అంకెలు ఉండేవి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మేము రెండో గేరు దాటిన రోజులు తక్కువ.

“నువ్వు ఉంటావా?” అని అడిగాడు. ఉంటానన్నాను. తను ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. నా ఆఫీసు అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. అయినా వెళ్లలేక, ఆలస్యమవుతుందని మేనేజరుకు ఫోను చేసి, పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడి మెకానిక్ కోసం ఎదురుచూశాను. ఆ నెలలో ఆలస్యంగా వస్తానని చెప్పడం అదే మొదటిసారి కాదు. మేనేజరు సరేనన్న తీరు నాకు అర్థమైంది.

మెకానిక్ షెడ్డు పంజాగుట్ట వెనక సందుల్లో ఉండేది. నడివయసు మనిషి, గడ్డం సగం నెరిసింది. అందరూ భాయ్ అనే పిలిచేవారు, మేమూ అంతే. ఒక పాత జీపు తెచ్చి, దానికి తాడు కట్టి, నన్ను స్టీరింగు దగ్గర కూర్చోమన్నాడు. ఆగిపోయిన ఇంజనుతో స్టీరింగు రాయిలా బిగుసుకుపోతుందని నాకు ఆ రోజే తెలిసింది. షెడ్డు చేరేసరికి భుజాలు పడిపోయాయి. ఆయన బానెట్ ఎత్తి చూసి, బెల్టు లూజయి ఉంటుందని మొదట అన్నాడు. కాసేపటికి కాదన్నాడు. పంపు కింద నుంచి నీరు కారుతోంది. ఎందుకలా అయిందో తనకూ తెలియడం లేదని, విప్పి చూస్తేగానీ చెప్పలేనని అన్నాడు.

సాయంత్రం మా ఆయన షెడ్డుకు వచ్చాడు. పొద్దుటి నుంచి నిలబడి పాఠాలు చెప్పిన మనిషి. అలసట ఎక్కడో ఒక చోట కోపంగా బయటికి రావాలి. కొత్త పంపు ఇంత తొందరగా పోయిందంటే అది డూప్లికేటు మాలు అయి ఉండాలి అన్నాడు.

భాయ్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. “నేను పంపు డబ్బ మీ ముంగటనే విప్పిన సార్. సీలు మీరే చింపిండ్రు. యాది చేస్కోండి.”

“డబ్బా ఒరిజినలే. లోపల ఏముందో నాకేం తెలుసు?” అన్నాడు మా ఆయన.

భాయ్ గుడ్డ భుజాన వేసుకుని మళ్లీ బానెట్ కిందికి వంగాడు. మేము ఆటోలో ఇంటికి వచ్చేశాం.

మర్నాడు పంపు విప్పాక షెడ్డు నుంచి నాకు ఫోను వచ్చింది. మా ఆయన రానన్నాడు. నేను భోజనం వేళ ఆఫీసు నుంచి నడుచుకుంటూ వెళ్లాను. బల్ల మీద పాత పేపరు పరిచి పంపు పెట్టి ఉంది. నేను ఊహించినదానికంటే చిన్నది, రెండు అరచేతుల్లో పట్టేస్తుంది. లోపలి రెక్కల నిండా తెల్లటి గార. పక్కన డబ్బాలో, ఇంజనులోంచి తీసిన గోధుమరంగు నీళ్లు.

“మేడం, జర ఇటు చూడుండ్రి. గీ తెల్లగున్నది ఉప్పు. పంపు లోపలి సీలును గిదే కొరికేసింది. నేను కూలెంట్ పోసి ఇచ్చిన. పచ్చగ ఉంటది అది. ఇప్పుడు చుక్క లేదు, అంతా బోరు నీళ్లే. ఎవరు పోసిండ్రు?”

ఆ తెల్లటి గార నాకు బాగా తెలుసు. మా అపార్ట్‌మెంటు కుళాయిల మీద, బకెట్ల అంచుల మీద, స్నానాల గది పలకల మీద రోజూ గీకి గీకి కడిగేది దాన్నే. పోసింది ఎవరో కూడా ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కనుక్కుని చెప్తానని మాత్రం భాయ్‌తో అన్నాను.

మా నాయిన సిటీ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక బోరబండలో అద్దె ఇల్లు వదిలేసి మా దగ్గరికి వచ్చాడు. మూడు గదుల ఫ్లాటులో ఆయనకు చేయడానికి ఏ పనీ ఉండేది కాదు. తెల్లవారుజామునే లేచే అలవాటు పోలేదు. అందుకే రోజూ కిందికి దిగి ఆ కారు తుడిచేవాడు. తలుపు పక్క మేకుకు వేలాడే రెండో తాళం చెవి తీసుకుని, కాసేపు ఇంజను నడిపి ఆపేవాడు. మా ఆయనకు అది సంతోషమే. మామయ్యగారు ఉండగా కారుకు దిగులు లేదని తన వాళ్లతో ఫోనులో చెప్పేవాడు. కోస్తా అల్లుడికీ హైదరాబాదు మామకీ మధ్య మాటలు ఎప్పుడూ పొడిపొడిగానే ఉండేవి. కారు గురించి మాత్రం ఇద్దరూ రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడుకునేవారు. నాకు అంతే చాలనిపించేది.

ఆ సాయంత్రం నాయిన బాల్కనీలో కూర్చుని ఉన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

“నాయినా, కారుల నీళ్లు మార్చినవా?”

“మార్చిన. పోయినసారి పంపు ఏసుకొచ్చినంక మూత తీసి చూస్తే నీళ్లు పచ్చగున్నయి. పాచి పట్టినయి అనుకున్న. కింద వదిలేసి కొత్త నీళ్లు పోసిన. తర్వాత సుత అప్పుడప్పుడు మారుస్తనే ఉన్న.”

“ఏ నీళ్లు?”

“నల్లా నీళ్లు మనకు తాగనీకే సాలవాయె. బోరు నీళ్లే. గుడ్డల వడగట్టి పోసిన బిడ్డా, ఊకెనే పొయ్యలే.”

అది పాచి కాదని, ఇంజను పాడవకుండా పోసే మందు అని, పంపును ఉప్పు నీళ్లు తినేశాయని చెప్పాను. ఎంత మెల్లగా చెప్పాలనుకున్నా నా గొంతులో విసుగు వినపడింది. ఆయన రోడ్డు వైపు చూస్తూ విన్నాడు. కింద హాస్టళ్ల నుంచి పిల్లలు గుంపులుగా క్లాసులకు పోతున్నారు.

“బస్సులల్ల మేము నీళ్లే పోస్తుంటిమి,” అన్నాడు చివరికి. తర్వాత, “అల్లునికి ఎరుకేనా?”

“ఇంకా చెప్పలే.”

“నువ్వు చెప్పకు. నేనే చెప్త.”

కానీ చెప్పలేకపోయాడు. ఆ రాత్రి తొందరగా తిని పడుకున్నాడు. మర్నాడు మా ఆయన ఇంటికి రాకముందే పక్క ఎక్కాడు. నేను ఆఫీసుకు బస్సులో వేలాడుతూ పోయి, బస్సులో వేలాడుతూ వస్తూ, ఇవాళైనా చెప్తాడేమోనని చూస్తున్నాను. మా ఆయనతో నేను చెప్పేస్తే అయిపోయేది. చెప్తే, నాయిన నోటితో అనవలసిన మాట నేను లాక్కున్నట్టు అవుతుంది. చెప్పకపోతే ఆ మెకానిక్ దొంగగా మిగిలిపోతాడు. ఈ రెంటి మధ్య రోజంతా తిరిగి సాయంత్రానికి దేని మీదా మనసు నిలిచేది కాదు. వంట కూడా ఏదో చేసేదాన్ని, ఎవరూ ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ అనేవాళ్లు కాదు.

వారం చివర్లో భాయ్ నుంచి ఫోను వచ్చింది. మా ఆయన తోటి మాస్టరొకాయన తన కారు పని సగంలో ఉండగానే వెనక్కి తీసుకుపోయాడట. భాయ్ షెడ్డులో నకిలీ సామాను వేస్తారని సంస్థలో చెప్పుకుంటున్నారట. “నేను సార్‌ను ఏమంటలేను మేడం,” అన్నాడు. “గానీ పాతికేండ్లు అయింది ఇక్కడ పని చేయవట్టి. గీ మాట మాత్రం ఎవరూ అనలే.”

ఫోను పెట్టేసి నేరుగా నాయిన దగ్గరికి వెళ్లాను. ఆ సంగతి చెప్పి, రేపు ఆదివారం, రేపటికి నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుందని అన్నాను. తల ఊపాడు.

ఆదివారం ఉదయం మా ఆయన పేపరు చదువుతుంటే నాయిన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. బస్సు డిపోలో పై అధికారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, పంపు ఖరాబు చేసింది నేనే అన్నాడు. నీళ్లు వదిలేసిన సంగతీ, గుడ్డలో వడగట్టి పోసిన సంగతీ అన్నీ వరసగా చెప్పాడు. చివర, “ఆ సాయిబుది తప్పు లేదు,” అన్నాడు.

మా ఆయన పేపరు మడిచాడు. ఆ మొహంలో ఎన్ని రంగులు మారాయో నేను చూశాను. కేకలు వేస్తాడేమోననుకున్నాను.

“పర్లేదండి మామయ్యగారూ,” అన్నాడు. “మీరు కావాలని చేశారా ఏంటి.”

ఇంక దాని గురించి మాట్లాడలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా. కానీ మధ్యాహ్నానికి ఆ రెండో తాళం చెవి మేకు మీద లేదు, మా ఆయన బీరువాలోకి పోయింది. అతను అరిచి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు. నాయిన ఆ మేకు వైపు చూసి, ఏమీ అడగకుండా చొక్కా వేసుకుని, షెడ్డు దాకా పోయివద్దాం రమ్మన్నాడు.

ఇద్దరం నడిచే వెళ్లాం. భాయ్ ఒక వ్యాను కింద పడుకుని పనిచేస్తున్నాడు. బయటికి వచ్చాడు. నాయిన తనకొచ్చిన ఉర్దూలో జరిగింది చెప్పాడు. భాయ్ అంతా విని, లోపలి నుంచి రెండు స్టూళ్లు తెచ్చి వేసి, చాయ్ చెప్పాడు.

“పెద్దాయన, నాది సుత తప్పున్నది,” అన్నాడు. “మందు పోసినమని సార్‌కు చెప్పిన. రోజూ బండి చూసేది మీరని నాకు తెల్వదు. మూత మీద ఒక చీటీ అతికిస్తే అయిపోతుండె.”

నాయిన చాయ్ గ్లాసు అందుకున్నాడు. తర్వాత ఇద్దరూ పాత బస్సుల ఇంజన్ల గురించి మాట్లాడుకున్నారు. నేను నా స్టూలు మీదే కళ్లు మూతలు పడుతుంటే గోడకు ఆనుకున్నాను.

కొత్త పంపు రావడానికి చాలా రోజులు పట్టింది. లోపల పేరుకున్న ఉప్పును కడగడానికి రేడియేటరు కూడా దించవలసి వచ్చింది. కారు తెచ్చుకోవడానికి మా ఆయనే వెళ్లాడు, నేను వెంట ఉన్నాను. పోయినసారి తొందరపడి మాట్లాడానని అతను అంటే, భాయ్ తాళం చేతిలో పెట్టి, “తీస్కపోండి సార్, జర సేపయితే ట్రాఫిక్ అయితది,” అన్నాడు. సంస్థలో తన నోటి నుంచి విన్నవాళ్లందరి దగ్గరా మా ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడో లేదో నేను అడగలేదు. ఆ మాస్టరు కారు మాత్రం మళ్లీ ఆ షెడ్డులో కనిపించింది.

నాయిన తెల్లవారుజామున కిందికి దిగడం మానేశాడు. కొన్నాళ్లు బాల్కనీలో కూర్చున్నాడు. తర్వాత పొద్దున్నే బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా నడిచి రావడం మొదలుపెట్టాడు. కారు మీద దుమ్ము పేరుకునేది. మా ఆయన ఆదివారాలు తుడిచేవాడు, అదీ గుర్తుంటే.

చలికాలంలో ఒక ఉదయం మా ఆయన కింద నుంచి పైకి వచ్చి, ఇంజను చప్పుడు ఏదో తేడాగా ఉంది, ఒకసారి వింటారా మామయ్యగారూ అని అడిగాడు. అడగడానికి అతను ఎంత కూడదీసుకున్నాడో నాకు తెలుసు. నాయిన వెంటనే లేచాడు. నేనూ వెనకే దిగాను. బానెట్ ఎత్తి ఉంది, ఇంజను నడుస్తోంది. నాయిన దగ్గరికి పోలేదు. నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి విన్నాడు.

“పంపు కాదు. బెల్టు కావచ్చు,” అన్నాడు. “అయినా భాయ్‌కి చూపియ్యుండ్రి.”

బెల్టు చూడమని మా ఆయన టార్చిలైటు ఇవ్వబోయాడు. నాయిన తీసుకోలేదు. మెట్ల వైపు తిరిగి, మోకాలి మీద చెయ్యి వేసుకుని మెల్లగా పైకి ఎక్కసాగాడు. మా ఆయన ఆ లైటు పట్టుకుని కాసేపు నిలబడి, ఇంజను ఆపేశాడు. ఆఫీసుకు టైమవుతోంది. నేను చాయ్ పెట్టడానికి నాయిన వెనకే మెట్లెక్కాను.