అంటు కింద మిగిల్చిన కొమ్మ

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నేనొక గులాబీ తీగను కోసేశాను. ఇంతేనా అంటారు. ఇంతే అయితే బాగుండేది.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి పార్వతిది చల్లని చెయ్యి అని పేరు. ఎవరింట్లో కరివేపాకు మొక్క నాటాలన్నా మొదటి మన్ను ఆమె చేతే వేయించేవారు. ఆమెకంటే ముందు నుంచీ ఆ లైనులో ఉన్నది నేను. నన్ను ఒక్కరూ పిలవలేదు. కుళ్లుకున్నాను. ఇంతకంటే మర్యాదైన మాట దొరకడం లేదు.

ఒక చలికాలం పార్వతి తీగ గులాబీ అంటు తెచ్చింది. గోడ పక్కన లోతుగా గొయ్యి తీసి, పేడ ఎరువు కలిపి నాటింది. కొమ్మను నిటారుగా పోనివ్వకుండా పక్కకి వంచి కడితే కణుపు కణుపుకీ మొగ్గ వస్తుందని నర్సరీ అతను చెప్పాడట, గోడకి వైర్లు కూడా బిగించింది. వేసవిలో పాస్ మీద శ్రీకాకుళం వెళుతూ, నీళ్లు పోయమని నాకే అప్పగించింది.

పోశాను. ఒకరోజు అంటు కట్టిన ముడి కింద, వేరున్న మొక్క నుంచి అడవి గులాబీ చిగురు లేచింది. దాన్ని తుంచేయాలి. వదిలేస్తే బలమంతా అదే లాగేస్తుంది, పువ్వు పూయదు. పార్వతికి అంటు మొక్క అదే మొదటిది, ఆ సంగతి తెలియదు. మా నాన్న గులాబీలు పెంచేవాడు, నాకు తెలుసు. తెలియక చేశానని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో! కాదు, తెలిసే చేశాను. చిగురును ఉంచి, పైనున్న మంచి కొమ్మను ముడి దాకా కోశాను. పై కొమ్మ ఎండకి మాడిపోయిందని, కింద నుంచి కొత్తది వచ్చిందని ఆమెతో చెప్పాను.

అడవి కొమ్మ గోడంతా పాకింది. పార్వతి దాన్ని ఎంతో ఓపిగ్గా వంచి కట్టుకుంది, ఏడాది తర్వాత ఏడాది ఎదురుచూసింది. ఒక్క మొగ్గ లేదు. ఆమె చెయ్యి చెడిపోయిందని లైనంతా అనుకున్నారు. ఆ మాట ఆమే ముందు అంది. పిలుపులు నాకు రావడం మొదలయ్యాయి. వెళ్లాను కూడా. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాను?

మొన్నామధ్య వాళ్లు రాజ్‌కిశోర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. నన్ను పిలిచింది. గేటు పక్కన గొయ్యి, పక్కనే కొత్త గులాబీ అంటు.

"నువ్వు నాటప్పా. నా సెయ్యి పడితే పువ్వు పూయదు," అంది.

"అదేటి మాట పార్వతీ, నీ సెయ్యికేటైంది?"

"అచ్ఛా, నీకు తెలీదేటి? గోడంతా తీగే గానీ పువ్వు సూసినామా?"

అప్పుడే చెప్పి ఉండాలి. వంగి మొక్క నాటాను. ఆమె మట్టి ముట్టుకోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

ఆ కొత్త తీగ ఇప్పుడు పూస్తోంది. ఫోటోలు పంపుతూ నా చేతిని మెచ్చుకుంటుంది. చూడలేక ఫోన్ బోర్లా పెట్టేస్తాను. క్షమించమని అడగను, అడగాల్సిన మనిషి మీరు కాదు. పార్వతి చేతికి ఏ దోషమూ లేదు. మంచి కొమ్మను కోసింది నేను. ఈ రెండు ముక్కలూ ఇన్నేళ్లకి పైకి అనగలిగాను, ఆమెతో కాకపోయినా.