కోటబొమ్మాళి దాకా ఒక సారె డబ్బా

శనివారం పొద్దున్న ఆరున్నరకి గరివిడి స్టేషన్లో నేనూ, మా అత్తా, రెండు సంచులూ, ఒక అట్టపెట్టె నిలబడి ఉన్నాం. ఆరు నలభైకి రావలసిన ప్యాసింజరు ఏడైనా రాలేదు. మా అత్త అప్పలనరసమ్మ నా మొహంలోకి చూసి, "బస్సుకి ఎలిపోదామని సెప్పినాను కాదేటి?" అంది. చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్ని కాదు, అది వేరే సంగతి.

ఎందుకు బయల్దేరామో ముందు చెప్పేస్తాను. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఒక ప్యాకింగ్ కంపెనీలో అట్టడబ్బాలకి డిజైన్లు గీసేదాన్ని. గరివిడి కోడలిగా వచ్చాక, రెండేళ్ళుగా సొంతంగా తినే కానుకలు అమ్ముతున్నాను. సున్నుండలు, జీడిపప్పు పాకం, కొబ్బరి లౌజు, అరిసెలు, ఇలాంటివి. వండేది అత్త. డబ్బా గీసి, మడిచి, కట్టి, ఫోన్లో ఫోటోలు పెట్టి అమ్మేది నేను. పండగలకి బాగానే పోతాయి. మిగతా నెలలు ఈగలు తోలుకుంటాం. ఈ మధ్య మా ఊళ్ళో ఒక ప్రైవేటు బడివాళ్ళు డ్రాయింగ్ టీచరుగా రమ్మన్నారు. సోమవారం చేరాలి. చేరేదీ లేనిదీ శనివారం సాయంత్రంలోగా చెప్పాలి. సరిగ్గా అప్పుడే కోటబొమ్మాళి నుంచి పైడమ్మ గారని ఒక పెద్దావిడ ఫోన్ చేయించింది. మనవరాలు అత్తారింటికి వెళ్తోంది, సారెకి వంద డబ్బాలు కావాలి, కానీ ముందు తన కళ్ళతో చూడాలట.

మా ఆయన ఒక్క మాటతో తేల్చేశాడు. "ఆ వంద వస్తే నీ పని నువ్వు చేసుకో. రాకపోతే బడికెళ్ళు. ఇంక సాగదియ్యకు." సరేనన్నాను. అన్నానే గానీ, మూడు రోజులుగా నాకు ముద్ద దిగలేదు. పిల్లల చేత ఆపిల్ పండూ, జెండా బొమ్మా గీయించడానికి నాకేం చిన్నతనం లేదు. కానీ ఈ పని వదిలేస్తే మళ్ళీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు.

ఏడూ పదికి బండి వచ్చింది. శనివారం కాబట్టి కాస్త ఖాళీ. కిటికీ పక్కన అత్త కూర్చుంది, నమూనా డబ్బాలున్న అట్టపెట్టె నా ఒళ్ళో. చీపురుపల్లిలో ఎక్కిన ఒకాయన ఎదురుగా కూర్చుని, పెట్టెలోకి తొంగిచూసి, ధర అడిగాడు. చెప్పాను. "ఇది డబ్బాకా అమ్మా, లోపల సరుక్కా?" అన్నాడు. మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. పొందూరు వచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు.

పొందూరులో ఎనిమిదింపావుకి దిగాం. స్టేషన్ నుంచి ఊళ్ళోకి దూరం ఉంది. మీరు వెళ్తే నలుగురు పోగయ్యే దాకా ఆగి షేర్ ఆటో ఎక్కండి, ఒంటరిగా ఎక్కితే వాడు చెప్పిందే రేటు. మాకు కావలసింది డబ్బాకి చుట్టే ఖద్దరు ముక్కలు. తెలిసిన నేతవాళ్ళ ఇంటికి వెళ్తే, అరుగు మీద ఒక ముసలావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి గింజ మీది దూది దువ్వుతోంది. ఎన్నిసార్లు చూసినా నేను అక్కడ పది నిమిషాలు అతుక్కుపోతాను. "ఈ గుడ్డ దేనికే?" అని అడిగింది. డబ్బాకి చుడతానని చెప్పాను. "తొడుక్కోడానికి కాదా!" అని తల అడ్డంగా ఆడించి మళ్ళీ దువ్వుకోవడంలో పడింది. అయినా మగ్గం దగ్గర మిగిలిన ముక్కలు మంచివే ఏరి ఇప్పించింది.

తొమ్మిదిన్నరకి శ్రీకాకుళం బస్సు. కాంప్లెక్సులో దిగి ఇద్దరం ఇడ్లీ తిన్నాం. నేను రెండూ తినలేక ఒకటి అత్త ప్లేటులో వేశాను. పదకొండుకి టెక్కలి బస్సు ఎక్కితే కండక్టరు, "పెట్టె కింద పెట్టమ్మా, సీటు కాళీ అవుతాది," అన్నాడు. పెట్టలేదు. దానికీ అర టిక్కెట్టు కొట్టమన్నాను. నవ్వి వెళ్ళిపోయాడు. ఇటు పొద్దుటి పూట వస్తే హైవే మీద ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. కోటబొమ్మాళి జంక్షన్లో పన్నెండూ ఇరవైకి దిగి, ఆటోలో ఊళ్ళోకి వెళ్ళాం.

పైడమ్మ గారిది వ్యవసాయం ఇల్లు. వసారాలో ధాన్యం బస్తాలు గోడవారగా నిలబెట్టి ఉన్నాయి. ఆవిడ నులకమంచం మీద కూర్చుని ఉంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి, గొంతు మాత్రం కోతల్లో కూలీలని కేకేసే గొంతే. మంచినీళ్ళు తాగేదాకా ఆగి, "ఏదీ, సూపించు," అంది.

పెట్టెలోంచి ఒక డబ్బా తీసి చేతిలో పెట్టాను. మూత మీద నేను గీసిన వరికంకుల మీద వేలు పెట్టి రాసింది. "బాగున్నాది," అంది. నా ప్రాణం లేచొచ్చింది. మూత తీసింది. లోపల ఆరు గళ్ళు, గడికి ఒకటి చొప్పున ఆరు మిఠాయిలు. ఆవిడ అటు చూసి, ఇటు చూసి, "ఇదేటి పాపా? అన్నీ ఒక్కొక్కటే పెట్టినావు? పెళ్ళి సారెలో ఒంటిది పెడతారేటి?" అంది.

"ఇప్పుడందరూ ఇలాగే ఇస్తున్నారమ్మా. శుభ్రంగా ఉంటుంది. ఎవరి చెయ్యీ తగలదు," అన్నాను.

"సెయ్యి తగలకపోతే అది సారె ఎలగవుతాది?"

సాయం కోసం అత్త వైపు చూశాను. అత్త బస్తాల వైపు చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. నమూనా డబ్బా మడిచే రోజున ఆవిడ నా పక్కన నిలబడి, "జతలు పెడదామే, సారె కదా," అంది. "డిజైన్ పాడైపోతుందత్తా, నీకు తెలీదు," అని నేనే నోరు మూయించాను. తెలీనిదెవరికి? చిన్నప్పటి నుంచీ సారెలు తిన్నదాన్ని, రెండేసి అరిసెలు అరచేతిలో పెట్టించుకున్నదాన్ని. నాలుగేళ్ళు కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చునేసరికి అదంతా మర్చిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆర్డరు పోయిందనుకున్నాను. లేచి దండం పెట్టబోయాను. "కూకో. అన్నం తినకుండా ఎల్తావేటి?" అని కసిరింది పైడమ్మ గారు. వంకాయ కూర, ముద్దపప్పు, చారు, గడ్డపెరుగు. కోటబొమ్మాళిలో హోటల్ ఎక్కడుందని నన్నడగకండి, నేను చూడలేదు. ఆవిడ కొసరి కొసరి పెడుతుంటే ఆకలి లేకపోయినా తిన్నాను.

చెయ్యి కడుక్కున్నాక పైడమ్మ గారు ఒక స్టీలు పళ్ళెం తెప్పించింది. మిగతా నమూనా డబ్బాలన్నీ తెరిచి, మిఠాయిలు జతలు జతలుగా అందులో పేర్పించింది. ఒక డబ్బా మాత్రం మూత తీయకుండా నా చేతికిచ్చింది. "రండి, ఈదిలోకెలదాం. నా మాట నమ్మొద్దు, నీ కళ్ళతో సూడు," అంది.

మొదటి ఇంట్లో డబ్బా ఇచ్చాం. ఆ ఇల్లాలు, "ఓలమ్మ, ఎంత సక్కగున్నాదో!" అని తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టింది. మంచినీళ్ళిచ్చింది. మళ్ళీ రమ్మంది. అంతే. డబ్బా ఎవరూ తెరవలేదు. మేం గుమ్మం దిగేసరికి ఆవిడ టీవీ ముందుకి వెళ్ళిపోయింది.

రెండో ఇంట్లో పైడమ్మ గారు పళ్ళెం ముందుకి చాపింది. ఆ ఇంటి కోడలు రెండు సున్నుండలు తీసి, ఒకటి విరిచి, "అత్తా, బేగి రా," అని లోపలికి కేకేసింది. ఆ ఇంటి పెద్దావిడ వచ్చింది, ఆవిడ వెనక ఇద్దరు ఆడపిల్లలు. తలో ముక్కా నోట్లో వేసుకున్నారు. ఇంక చూడండి. మినుములు భలే వేగాయని ఒకరు, నెయ్యి ఇంట్లోదేనని ఇంకొకరు, లౌజు పాకం కాస్త ముదిరిందని పెద్దావిడ. ముదిరిన మాట నిజమే. పెళ్ళికూతురు ఎలా ఉంది, అల్లుడేం చేస్తాడు, ఏ ఊళ్ళో కాపరం, మాటలు ఆగలేదు. చివరికి ఆ పెద్దావిడ వేళ్ళు నాక్కుంటూ, "ఎవులు సేసినారు?" అంది.

'మేమే' అనబోయాను. రెండేళ్ళుగా ఎవరడిగినా అలవాటుగా అదే చెప్తాను. పైడమ్మ గారు మా అత్త భుజం పట్టి ముందుకి జరిపింది. "సెప్పు సెల్లీ."

"నానే," అంది అత్త. ఎంత మెల్లిగా అందంటే పెద్దావిడ మళ్ళీ అడగాల్సి వచ్చింది. "నానే సేసినాను," అంది ఈసారి గట్టిగా.

ఇంక మమ్మల్ని ఎవరు కదలనిస్తారు? మినుములు ఎంతసేపు వేయించాలి, దంచాలా, మరకి పట్టించాలా అంటూ అత్తని అరుగు మీద కూర్చోబెట్టేశారు. వచ్చేటప్పుడు ఆ కోడలు పళ్ళెంలో రెండు గుప్పెళ్ళ కొత్తబియ్యం పోసింది. "కాళీ పళ్ళెం ఎనక్కి పంపుతామేటి?" అంది. మూడో ఇంట్లో పెసలు పోశారు. నాలుగో ఇంట్లో రెండు అరటిపళ్ళు పెట్టారు. నేను మడిచిన డబ్బా ఫ్రిజ్ మీదే ఉండిపోయింది, అది తిరిగి ఎవరింటికీ వచ్చేది కాదు.

తిరిగొచ్చాక నేను పుస్తకం తీసి వసారాలోనే గీయడం మొదలుపెట్టాను. గళ్ళు లేవు, మూత లేదు. తాటాకుతో అల్లిన వెడల్పాటి తట్టలు, లోపల జతలు, మీద పొందూరు గుడ్డ. గుడ్డ తీసి పంచి, మళ్ళీ కప్పుకుని పక్కింటికి వెళ్ళొచ్చు. బియ్యం పోసినా, పెసలు పోసినా ఒలికిపోకుండా తట్ట అంచు ఎత్తుగా ఉండాలి. పైడమ్మ గారు బొమ్మ చూసి, "అంచు ఇంకాస్త పైకి లేపు," అంది. లేపాను. "ఇది సారె," అంది.

కానీ ఆవిడకి వంద డబ్బాలు అక్కర్లేదిప్పుడు. పిల్ల వెళ్ళే ఊళ్ళో నలభై ఇళ్ళు, వాటికి ఆరు తట్టలు చాలు. బయానా అత్త చేతిలో పెట్టింది. మిఠాయి మంచి ఆర్డరే, నా డిజైను మాత్రం వంద నుంచి ఆరుకి దిగిపోయింది. మా ఆయన గీసిన గీత దగ్గరికి కూడా రాలేదు.

సాయంత్రం నాలుగున్నరకి కోటబొమ్మాళి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాం. శనివారం సాయంత్రం విశాఖపట్నం వైపు వెళ్ళేవాళ్ళు తక్కువ, సీట్లు దొరికాయి. తిలారు దాటాక బడి కరస్పాండెంటు గారి ఫోన్ వచ్చింది. "ఏమ్మా, సోమవారం వస్తున్నట్టేనా?" అన్నారు. కాసేపట్లో చేస్తానని పెట్టేశాను.

"వంద రాలేదత్తా," అన్నాను. "మాటంటే మాటే కదా. బడికే వెళ్తాను."

ఆమదాలవలస వచ్చింది, టీ తాగాం, బండి కదిలింది. అప్పుడంది అత్త. "ముప్పై ఏళ్ళుగా వండుతన్నాను. మీ మావ తిన్నాడు, నీ మొగుడు తిన్నాడు, వచ్చినోలు పోయినోలు తిన్నారు. ఉప్పెక్కువైన రోజు ఎవులు సేసినారని అడిగినారు. బాగున్న రోజు ఎవులూ అడగలేదే." కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వు బడికెలిపోతే నాను మళ్ళీ అలగే వండాల."

ఇన్నాళ్ళూ ఇది నా పని, నా బతుకు, నా ఆర్డరు అనుకుంటూ తిరిగాను. ఈ మనిషి బతుకు కూడా ఇందులోనే ఉందని ఒక్కసారైనా నాకు తోచలేదు. ఎవరూ అడగలేదంటే, ఆ ఎవరిలో నేనూ ఉన్నాను. ఫోన్ తీసి, "నేను రావడం లేదు సార్, క్షమించండి," అని చెప్పేశాను. ఆయన మంచివాడు, ఆల్ ది బెస్ట్ అన్నారు.

"నీ మొగుడికేటి సెప్తావు?" అంది అత్త.

"నువ్వే చెప్పు. నీ కొడుకే కదా."

"సెప్తాను. ఆడికేటి భయం?" అని, అరటిపండు వొలిచి సగం నాకిచ్చింది. ఆ రోజు నేను ఆకలేసి తిన్నది అదొక్కటే.

వెళ్ళేవాళ్ళ కోసం ఒక మాట. ఈ దారిలో గొప్ప చూడదగ్గవంటూ నేనేం చెప్పలేను. బళ్ళు ఆలస్యంగా వస్తాయి, బస్సులు కిక్కిరిసి ఉంటాయి. కానీ ఏదైనా చేతిపని చేసి అమ్ముకునేవాళ్ళయితే, మీ సరుకు ఒక పళ్ళెంలో వేసుకుని ఏ ఊళ్ళోనైనా నాలుగు గుమ్మాలు ఎక్కండి. ఫోన్లో లైకులు చెప్పనివి ఆ నాలుగు గుమ్మాలూ చెప్తాయి.

సిగడాం దగ్గర ఎండ బాగా వాలింది. సంచిలో ఖాళీ డబ్బా ఒకటి తీశాను. మూత మీద కింది అంచున బంగారు అక్షరాల్లో 'సుజాత కానుకలు' అని నా పేరొక్కటే ఉంది. దీపావళికి ఈ డబ్బాలు మళ్ళీ కావాలి. పెన్ను తీసి, ఆ పేరు పైన రాయడం మొదలుపెట్టాను. అత్తకి చదువు రాదు. "ఏటి రాస్తన్నావు?" అంది.

"ఎవరు చేశారో రాస్తున్నాను. అప్పలనరసమ్మ అని."

"అంత పొడుగు పేరెందుకే, పడతాదేటి? సగం రాయి, సాలు."

మొత్తం రాశాను.