నర్సింగ్ సార్ మా సన్నాయి పీకల్ని నోట పెట్టలేదెందుకంటే

నర్సింగ్ సార్ పోయారు.

నిన్న పొద్దున ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఫోన్ తెరిస్తే పాత బ్యాచ్ గ్రూప్‌లో మెసేజ్. మళ్ళీ మళ్ళీ చదివినా బుర్రకెక్కలేదు. మొన్నీమధ్యే ఫోన్లో మాట్లాడాను. గొంతు ఖంగుమంటూనే ఉంది.

క్యాబ్ ఆపించి దిగి, పంజాగుట్టలో సార్ ఇంటికి ఆటో ఎక్కాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. సార్ మాకు సన్నాయి నేర్పిన గురువు. ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగిపోతున్న రోజుల్లో, అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో సాయంత్రం క్లాసులు జరిగేవి. కింద జావా, పైన మేము. మా గోల భరించలేక కింది సార్లు కర్రతో సీలింగ్ పొడిచేవాళ్ళు.

ఇక నా కోపం సంగతి.

ఆటోలో ఉండగానే గ్రూప్‌లో ఒక పెద్ద పోస్ట్ వచ్చింది. మా బ్యాచ్‌మేటే రాశాడు. పేరు రాయను. చదువుతున్నాడు, వాడికి తెలుసు.

"సార్ మా పీకల్ని నోట్లో పెట్టుకుని సరిచేసేవారు కాదు. మా అంతట మేమే నేర్చుకునేలా చేశారు. ఏం టీచింగ్ స్టైల్!" అట.

కింద అందరి దండాలు. ఆదివారం సంతాప సభలో ఇదే విషయం మీద నన్ను మాట్లాడమని కూడా అడిగారు.

ఒళ్ళు మండిపోయింది.

సన్నాయికి పీకే ప్రాణం. ఒక రకం గడ్డి కాడని నానబెట్టి, అణిచి, చిన్న గొట్టానికి దారంతో కట్టి, అంచుని కత్తితో పల్చగా గీకాలి. కాస్త మందంగా ఉంటే పలకదు. కాస్త ఎక్కువ గీకితే చచ్చిపోతుంది. ఎక్కడ గీకాలో పెదవికే తెలుస్తుంది. అందుకే శిష్యుడి పీకని గురువు నోట పెట్టుకుని ఊది, సరిచేసి ఇస్తాడు. సార్‌కి వాళ్ళ నాన్న అలాగే నేర్పారు. మొదట్లో సార్ కూడా మాకు అలాగే నేర్పారు.

నా మొదటి పీక నాకు బాగా గుర్తు. వారమంతా కుస్తీపడి చేశాను. సార్ నోట పెట్టుకుని ఊది, పగలబడి నవ్వారు.

"ఏందమ్మ గిది? బాతు ఒర్రినట్టుంది! ఆగు, జర గీ మూలకు గీకుదాం."

కత్తి అలా ఆడించి నా చేతికిచ్చారు. ఊదాను. 'స' పలికింది. ఆ రోజు పంజాగుట్టలో నా హాస్టల్ దాకా గాల్లో తేలుతూ వెళ్ళాను.

తర్వాత ఒక సాయంత్రం ఒక అంకుల్ వచ్చారు. మా బ్యాచ్‌లో ఒకడి తండ్రి. ఆఫీసు రూంలో ఆయన అరుపులు మా అందరికీ వినిపించాయి.

"ఆయన ఎంగిలి మావాడు నోట్లో పెట్టుకోవాలా? అసలు ఆయన ఎవరింటి మనిషో కనుక్కున్నారా మీరు?"

మేనేజర్ బయటికొచ్చి, మా అందరి ముందే సార్‌కి చెప్పాడు. "నర్సింగ్ గారూ, ఇక మీదట స్టూడెంట్స్ పీకలు మీరు నోట్లో పెట్టుకోవద్దండీ. హైజీన్ కదా, ఏమనుకోకండి."

కులం అనే మాట ఎవరి నోటా రాలేదు. హైజీన్ అన్నారు. ఆ హైజీన్ అంకులే కింద బండి దగ్గర, కుండలో చెయ్యి ముంచి అందించిన పానీపూరీ కొడుక్కి తినిపించి మరీ తీసుకెళ్ళాడు.

నేను మేనేజర్‌తో గొడవపడ్డాను. నచ్చకపోతే మానేయమన్నాడు.

మర్నాడు నా పీక సార్ ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"వద్దు బిడ్డ. నువ్వే ఊదు. నేను చెవితోని చూస్త."

అప్పటినుంచి అంతే. మేము ఊదడం, సార్ కళ్ళు మూసుకుని వినడం. "ఎడమ దిక్కు మందమున్నది, గీకు." మేము ఎక్కువ గీకి పాడుచేయడం. మళ్ళీ మొదటికి రావడం. విసుగొచ్చి చాలామంది మానేశారు. మిగిలినవాళ్ళం నేర్చుకున్నాం, నిజమే. కానీ దానికి టీచింగ్ స్టైల్ అని పేరు పెడితే ఊరుకోను. అది ఒక మనిషి దిగమింగిన అవమానం.

ఎందుకు ఊరుకున్నారని ఒకరోజు దారిలో నడుస్తూ సార్‌నే అడిగాను.

"కొట్లాడితే క్లాసు బందు పెడ్తరు బిడ్డ. గప్పుడు మీకెవలు నేర్పుతరు?"

సార్, ఈ మాటకి మీ మీద కూడా నాకు కోపమే. ఇప్పటికీ.

నిన్న సార్ వాకిట్లో వాళ్ళవాళ్ళు సన్నాయిలతో సాగనంపడానికి వచ్చారు. సార్ మేనల్లుడి పీక పలకడం లేదు. ఏడ్చి ఏడ్చి అతనికి ఊపిరి అందడం లేదనుకున్నాను. సార్ తమ్ముడు ఆ పీక లాక్కుని, నోట పెట్టుకుని ఊది చూసి, కొంచెం గీకి తిరిగిచ్చాడు. అతను తుడవనైనా తుడవకుండా నోట పెట్టుకుని పాట అందుకున్నాడు.

అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

ఇంతకీ ఆ పోస్ట్ రాసిందెవరో తెలుసా? ఆ అంకుల్ కొడుకు. ఆ రోజు మా పక్కనే నిలబడి ఒక్కో ముక్కా విన్నవాడు.

ఒరేయ్, ఆ పోస్ట్ తీసెయ్. తీయకపోయినా సరే, ఆదివారం సభకి వస్తున్నాను. నన్ను మాట్లాడమన్నారుగా, మాట్లాడతాను. మీ నాన్నగారిని కూడా తీసుకురా. ముందు వరసలో కూర్చోబెట్టు.

వెళ్ళిరండి సార్. అక్కడైనా ఎవరి పీక కావాలంటే వాళ్ళది తీసుకుని, నోట పెట్టుకుని, నవ్వుకుంటూ సరిచేయండి.

మీకు శాంతి కలగాలి. నాకు మాత్రం అప్పుడే వద్దు.