మూడో తెర దగ్గర అక్క

ఫోన్ తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో తేల్చడం అతని ఉద్యోగం. ఆఫీసులో అతన్ని మౌనస్వామి అంటారు. కొత్త యాప్‌ను ఎవరి చేతికైనా ఇచ్చి, పక్కన కూర్చుని, వాళ్ళు ఎంత తడబడినా నోరు విప్పడు మరి. "మనమే చెప్పేస్తే ఇక తెర చెప్పేదేముంది? మనిషి తడబడితే తప్పు తెరది. వేలు ఎక్కడ ఆగిందో చూడండి. ఏమైనా అడిగితే తిరిగి ప్రశ్నే వేయండి" అని కొత్తవాళ్ళకు నూరిపోస్తాడు.

ఆ నియమం ఆఫీసుతో ఆగితే బాగుండేది. అలవాటంటే గుమ్మం బయట విడిచే చెప్పులు కాదు కదా. పలకరిస్తే ముక్తసరిగా బదులిచ్చే మనిషి ఇంటికి ఎవరొస్తారు? అతని గదిలో ఒకటే కుర్చీ. వచ్చేది అక్క ఒక్కతే.

అక్క బట్టల కొట్లో కుట్టుపని చేస్తుంది. బావ పోయాడు, పిల్లల్లేరు. ఈమధ్య కంట్లో శుక్లం ముదిరి, సూదిలో దారం ఎక్కడం లేదు. అతనేమో అప్పుడే ఒక కంటి ఆసుపత్రికి యాప్ చేస్తున్నాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు.

"అక్కా, ఇందులో నీ ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసుకో. నేనేం చెప్పను."

"ఎప్పుడు చెప్పావు గనక" అని నవ్వి ఫోన్ అందుకుంది.

ఏ కన్నో అడిగిన తెర దాటింది. తేదీ అడిగినదీ దాటింది. మూడో తెర మీద 'మీ వెంట వచ్చేవారి పేరు' అని ఉంది. అక్కడ వేలు ఆగింది. అక్క తలెత్తి అతనికేసి చూసింది. మళ్ళీ ఫోన్ చూసి, మళ్ళీ అతన్ని చూసింది. అతనికి లోలోపల సంబరంగా ఉంది, లోపం దొరికినందుకు.

"ఇది రాయకపోతే ముందుకు పోదారా?"

"నీకేమనిపిస్తోంది?"

"నాకేమనిపిస్తుందిలే" అని అక్క ఫోన్ తిరిగిచ్చేసి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

మర్నాడు అతను ఆఫీసులో ఎన్నడూ లేనంతగా మాట్లాడాడు. "ఒంటరివాళ్ళను గడపలోనే ఆపేస్తున్నాం" అని పోట్లాడి, ఆ పేరు రాసే పెట్టె కింద 'ఎవరూ లేరు' అనే బటన్ పెట్టించాడు. అది నొక్కితే ఆసుపత్రివాళ్ళే తోడు మనిషిని ఇస్తారు. అందరూ మెచ్చుకున్నారు. అక్క కోసం ఒక పని చేశానని అతనికి నిజంగానే కడుపు నిండింది.

యాప్ జనంలోకి వెళ్ళాక ఒకరోజు అక్కకు ఫోన్ చేశాడు.

"మూడో తెర మార్పించానక్కా. ఇప్పుడు చూడు."

"చూశాన్రా. ఆపరేషన్ కూడా నిన్ననే అయిపోయింది."

"అయిపోయిందా? నాకు చెప్పలేదేం?"

"ఎవరూ లేరని నొక్కాను, ముందుకెళ్ళిపోయింది. సుళువుగా ఉందిరా." అక్క గొంతులో నిష్ఠూరం లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"నా పేరు రాయాల్సిందక్కా."

"నువ్వు రానిదే నీ పేరెలా రాస్తాన్రా? వస్తానంటావేమోనని ఆ రోజు రెండుసార్లు నీ మొహం చూశాను. నువ్వేమో నా వేలు చూస్తూ కూర్చున్నావు."