ట్యాంకరు లోపలి గాలి

నేను చేసే పని గ్యాసుల మీద పరిశోధన. ఈ మాట ఉదయగిరిలో మా మేనత్తతో అంటే, "అయితే మాకు ఇంకో గ్యాసు బండ ఇప్పియ్యిరా" అంది. బొగ్గు గనుల్లో కమ్ముకునే గ్యాసులు, వెల్డింగులో కరిగే ఇనుముకు గాలి తగలకుండా కాపాడే గ్యాసులు అని విడమరిచి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

మా నాయనకు మాత్రం కొంత తెలుసు. ఆత్మకూరులో ఆయనది వెల్డింగ్ షాపు. ఏళ్ల తరబడి రాడ్డుతోనే అతికిన మనిషిని, పట్టుబట్టి కార్బన్ డయాక్సైడ్ సిలిండరుతో నడిచే మిషనుకు మార్పించింది నేనే. మొదట్లో అతుకుల నిండా సన్నటి చిల్లులు పడ్డాయి. ఫోన్లో విసుక్కున్నాడు.

"పక్కన ఫ్యాను తిరుగుతోందా నాయనా?"

"తిరగకపోతే ఈ ఉక్కకు ఎట్టా బతికేదిరా?"

"ఆపెయ్. ఆ గాలికి గ్యాసు చెదిరిపోతోంది."

ఆ సాయంత్రమే ఫొటో పంపాడు. అతుకు నున్నగా ఉంది. ల్యాబులో కనబడ్డవాళ్లందరికీ చూపించి పొంగిపోయాను.

మొన్న వేసవిలో ఆత్మకూరులో బస్సు దిగి నేరుగా షాపుకు వెళ్లాను. చేజర్ల నుంచి వచ్చిన నీళ్ల ట్యాంకరు షాపు ముందు నిలబడి ఉంది. లోపలి రేకు పగిలిందట. నాయన పై మూతలోంచి దిగి అతుకుతున్నాడు. లోపలికి గాలి కొట్టే బ్లోయరు మాత్రం తిరగడం లేదు.

"మేస్త్రీనే ఆపమన్నాడు సార్, అతుకు చెడిపోతాదంట" అన్నాడు డ్రైవరు.

కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువు. మూసిన ట్యాంకరులో అడుగున చేరి ఊపిరాడనివ్వదు, వాసన కూడా ఉండదు. ముందు మనిషిని పిలవాలి కదా! నేను సంచిలోంచి గనులకు తీసుకెళ్లే, గ్యాసు కొలిచే మీటరు తీసి, తాడు కట్టి లోపలికి దించాను. నా బుద్ధి అలాంటిది. సగం దిగకముందే అది కీచుమని అరిచింది. అప్పుడు అరిచాను నేను. డ్రైవరు పరుగెత్తి బ్లోయరు వేశాడు.

"నాయనా, పైకి రా!"

జవాబు ఆలస్యంగా వచ్చింది. "ఏందిరా... తల దిమ్ముగా ఉండాది."

చెరో రెక్క పట్టుకుని పైకి లాగాం. నీడలో కూర్చుని నీళ్లు తాగాక ఊపిరి కుదుటపడింది. అప్పటిదాకా ఆపుకున్న కోపం నాకు తన్నుకొచ్చింది.

"మూసిన ట్యాంకులో బ్లోయరు ఎవరైనా ఆపుతారా?"

"నువ్వే గదరా గాలి ఆపమన్నావు. దిగేటప్పుడు నాకూ భయమేసింది. గ్యాసుల సంగతి నీకు తెలీకుండా చెప్తావా అని దిగినాను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అతుకు చెడకూడదనే చూశాను గానీ, దాని పక్కన ఊపిరి పీల్చే మనిషి ఉంటాడని ఒక్కసారీ అనుకోలేదు.

"తప్పు నాది నాయనా."

"సర్లే, నేను బాగానే ఉండాను" అన్నాడు. తరవాత ఏదో గుర్తొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉదయగిరిలో ఇద్దరు వెల్డర్లకు ఈ కిటుకు నేనే చెప్పినా. మావాడు చెప్పినాడు, కళ్లు మూసుకుని చెయ్యండి అన్నా. ముందు వాళ్లకు ఫోన్ చెయ్యరా."

ఆయన చెప్పిన మొదటి నంబరు నొక్కాను. అవతల రింగవుతూనే ఉంది. ఎవరో ఎత్తేదాకా నాయన నా చెయ్యి వదల్లేదు.