వడమాలపేటలో ఒక ఎడమ చెయ్యి

నమ్మలేనంత బాగున్న అంకెలే నన్ను వడమాలపేటకు బయల్దేరదీశాయి. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన మునెమ్మ గారికి నెల కిందట మేము తయారుచేసిన ఆట ఇచ్చాం. మణికట్టుకు పట్టీ కట్టుకుని చెయ్యెత్తితే, టీవీలో పువ్వు లేచి స్వామి పాదాల దగ్గర పడుతుంది. ఎంత ఎత్తారో నా ఫోన్‌కు వస్తుంది. మొదటి వారంలోనే చెయ్యి భుజం దాటినట్టు చూపింది. అది చూసి డాక్టరు గారు ఫిజియోథెరపీ ఆపేద్దామన్నారు. అంకెలు అబద్ధమైతే ఆ చెయ్యి అలాగే బిగుసుకుపోతుంది. కోడలు పట్టీ తనే కట్టుకుంటోందని నా అనుమానం.

ఉదయం ఏడింటికి తిరుపతి బస్టాండులో పుత్తూరు వైపు పల్లెవెలుగు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్ అయితే వడమాలపేటలో ఆపుతారో లేదో ముందే అడగండి. ఇడ్లీ పొట్లం ముగించి బ్యాగులోని పట్టీలు సరిచూసుకుంటుంటే పక్కాయన కాస్త జరిగి కూర్చున్నాడు.

"ఏందప్పా ఆ వైర్లు?"

"ముసలివాళ్లతో వ్యాయామం చేయించేవి."

"అట్నా," అన్నాడు గానీ, నేను దిగేదాకా బ్యాగు మీంచి చూపు తీయలేదు.

చెప్పకుండా వెళ్లినందుకు కోడలు సుగుణ గుమ్మంలోనే పట్టేసింది. "మా యత్తను సూసేదానికొచ్చినావా, నన్ను సూసేదానికా?"

"పట్టీ మీరు కట్టుకుంటున్నారేమోనని," అన్నాను.

"పొయ్యికాడ్నించి కదిలేదానికే నాకు తీరదు, నీ ఆట గూడా నేనే ఆడాల్నా? కూర్చో సామీ, నువ్వే సూడు."

అత్తగారి ఎడమ చేతికి పట్టీ కట్టి, ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. టీవీలో స్వామి కనబడగానే మునెమ్మ గారు పట్టీ ఊడదీసి, పళ్ల సాయంతో కుడి మణికట్టుకు బిగించుకున్నారు.

"అవ్వా, ఎడమ చేతికి కదా?"

"ఎడం చేత్తో సామికి పూలు పెడతారా నాయనా? సదువుకున్నోడివే గదా."

పెద్దవాళ్లకు నచ్చుతుందని స్వామిని పెట్టింది నేనే. కాసేపటికి అడిగాను, "మరి ఎడమ చేత్తో ఏం చేసేవాళ్లు?"

"వడియాలకాడ కాకుల్ని తోలేదాన్ని. దానికి ఏ సెయ్యైతే ఏమి?"

అరుగు మీద లాప్‌టాప్ తెరిచి, స్వామి ఉన్నచోట వడియాలూ కాకులూ పెట్టాను. మధ్యాహ్నం సుగుణ పెట్టిన రాగి సంగటి తిని, ఫిజియోథెరపీ ఆపవద్దని డాక్టరు గారికి ఫోన్ చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా బయటికి చూడలేదు. ఎడమ చెయ్యి పడిపోయినవాళ్లు మా ఆట ఆడుతున్న ఇళ్లన్నీ గుర్తుచేసుకుంటున్నాను. అంతలో ఫోన్ మోగింది. మునెమ్మ గారి చెయ్యి ఒడిలోంచి రెండు వేళ్ల ఎత్తు లేచింది. ఈ నెలలో నేను అనుమానించని అంకె అదొక్కటే.