బాపమ్మ గుడిలో నోరు విప్పిన ఆదివారం

లక్సెట్టిపేటలో మేము వెళ్లే గుడిని తెల్లదొరలు కట్టించారు. ఆంగ్లికన్ పద్ధతి కాబట్టి ప్రార్థనలన్నీ పుస్తకంలో ఉండేవి. పాస్టరుగారు ఒక వాక్యం చదివితే సంఘమంతా తర్వాతి వాక్యం చదవాలి. పాస్టరును మేము అయ్యగారు అంటాం. దొరల తర్వాత వచ్చిన అయ్యగార్లలో చాలామంది కోస్తా వైపు వాళ్లు. వాళ్ల మాట కూడా పుస్తకంలా ఉండేది. దేవుడిది కూడా ఆ భాషే అని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను.

మా బాపమ్మకు, అంటే మేము బాపు అని పిలిచే నాన్న తల్లికి, చదువు రాదు. వారమంతా బీడీలు చుట్టేది. ఆదివారం అందరికంటే ముందే వెళ్లి చాప మీద కూర్చునేది. సంఘం జవాబులు చదివేటప్పుడు పెదవులు కదిపేది. ఆమెన్ మాత్రం పైకి అనేది. ఎవరైనా ప్రార్థన చెయ్యమంటే, "నాకు గుడి మాటలు రావు బిడ్డా" అని తప్పించుకునేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో హుజూరాబాద్ వైపు నుంచి కొత్త అయ్యగారు వచ్చారు. మరమగ్గాలు నడిపే ఇంట్లో పుట్టినాయన. మొదటి ఆదివారం బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథ చెప్పారు.

"పోరడు ఇంటికి తిరిగొస్తుండు. తండ్రి దూరంకెల్లే సూసిండు. ఇగ ఆగలే. ఉరికిండు, మెడ మీద పడి ఏడ్సిండు."

పడుచువాళ్లు కిసుక్కున నవ్వారు. సంఘ పెద్దగా ముందు వరసలో కూర్చున్న బాపు ముఖం ఎర్రబడింది. ఆయన బడిలో తెలుగు పంతులు. ఆరాధన అయిపోగానే అయ్యగారి దగ్గరికి వెళ్లాడు.

"గుడిల గీ మాటలేంది అయ్యగారూ? ఇల్లు వేరు, గుడి వేరు."

"పుస్తకంల ప్రార్థన ఉన్నదున్నట్టే సదువుత సార్. అండ్ల అక్షరం మార్చ. కథ మాత్రం మనోళ్లకు తెలిసేటట్టు చెప్త."

బాపు ఊరుకోలేదు. మరో ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని బిషప్ గారి దగ్గరికి వెళ్లి, ఈ అయ్యగారిని మార్చమని అడిగాడు. కొన్నాళ్లు చూడమని బిషప్ గారు పంపేశారు. ఇంట్లో ఆ అయ్యగారి ఊసెత్తితే బాపు అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

కోతల పండుగ ఆదివారం పుస్తకంలో ప్రార్థనలు అయ్యాక అయ్యగారు, "ఎవరన్న సొంతంగ ప్రార్థన జేస్తరా?" అని అడిగారు. అప్పుడు బాపమ్మ స్తంభం పట్టుకుని లేచి నిలబడింది.

"తండ్రీ, నా పెద్దబిడ్డను నువ్వు తీస్కపోయినవ్. గప్పటి సంది నీతోని మాట్లాడలే. మస్తు కోపముండె. గీడికి వచ్చుడైతే వచ్చిన గని మాట్లాడలే. ఇయ్యాల మాట్లాడుతున్న. బిడ్డను మంచిగ సూసుకో. నా కొడుక్కు కోపం జర తక్కువ జెయ్యి."

నాకు ఒక మేనత్త ఉండేదని ఆ రోజే తెలిసింది. బాపు తల ఎత్తలేదు. ఆమెన్ చెప్పింది మళ్లీ బాపమ్మే.

ఇంటికి నడిచి వస్తుంటే బాపు తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"అక్క యాదికొస్తదా అవ్వా?"

"రాని రోజున్నదా కొడుకా? నువ్వు శిన్నోనివి, నీకు తెల్వదు. జరమొచ్చి రెండు పొద్దులకే పాయె."

బాపు మళ్లీ బిషప్ గారి దగ్గరికి వెళ్లలేదు. అలాగని ఆ ప్రసంగాలను మెచ్చుకున్నదీ లేదు. కొన్నేళ్లకు అయ్యగారికి ఆదిలాబాద్ బదిలీ అయింది. సామాను వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని బాపు అక్కడిదాకా వెళ్లి, అయ్యగారి కుటుంబాన్ని కొత్త ఇంట్లో దింపి వచ్చాడు.

"సంఘం ఎట్లున్నది?" అని అడిగింది బాపమ్మ.

"మంచిగనే ఉన్నది. సగం మంది మరాఠీ మాట్లాడుతుండ్రు. గాయిన వాళ్ల మాట మొదటికెల్లి నేర్సుకోవాలె పాపం" అన్నాడు బాపు, కాళ్లు కడుక్కుంటూ.